పాత కంప్యూటర్, పర్లాకిమిడి కరెంటు: కెర్నెల్ సెట్టింగుల ప్రాజెక్టు డైరీ

జూన్ చివరి వారం

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ల అటకల మీద పాత కాగితాలు చాలా ఉన్నాయి. నాటకాల రాతప్రతులు, పెళ్లిపాటల నోటుపుస్తకాలు, జమాఖర్చు చిట్టాలు, మేస్టార్ల డైరీలు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని ఊపేసినప్పుడు అలాంటివి ఎన్నో తడిసి ముద్దయిపోయాయి. మిగిలినవాటినైనా స్కాన్ చేసి దాచాలని మా వీధి గ్రంథాలయంలో పని మొదలుపెట్టాం. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన మేస్టారుగా పనిచేసిన ఊరు ఇది. ఆ రోజుకల్లా మొదటి విడత స్కాన్లు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించి, కాగితాలు ఇచ్చినవాళ్ల చేతిలో పెట్టాలి.

మా దగ్గరున్నది ఎవరో వాడి వదిలేసిన డెస్క్‌టాప్. రెండు కోర్ల ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. మదర్‌బోర్డు అంతకంటే ఎక్కువ ర్యామ్ తీసుకోదు. డెబియన్ 12 అనే లినక్స్ వేశాం. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే, కుదించకుండా దాచినప్పుడు పేజీకి 26 ఎంబీ అవుతుంది. రెండు వందల పేజీల నోటుపుస్తకం అంటే 5 జీబీ పైమాటే.

కష్టాలు మూడు. పేజీలు శుభ్రం చేసే స్కాన్‌టైలర్, అక్షరాలు చదివే టెసరాక్ట్, బ్రౌజర్ కలిసి నడిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది, మౌస్ కూడా కదలదు. పెన్‌డ్రైవ్‌కి కాపీ 'అయిపోయింది' అంటుంది, తీసి చూస్తే చివరి ఫైళ్లు ఉండవు. కరెంటు పోతే అంతకుముందే స్కాన్ చేసిన పేజీలు సున్నా సైజుతో కనిపిస్తున్నాయి. ఇవి మూడు వేరువేరు రోగాల్లా కనిపిస్తాయి గానీ, మూడూ కెర్నెల్ (ప్రోగ్రాములకీ హార్డ్‌వేర్‌కీ మధ్య ఉండే లినక్స్ మూల భాగం) ర్యామ్‌ని ఎలా వాడుతోంది అన్నదానికే ముడిపడి ఉన్నాయి. ఆ వాడకాన్ని మన అవసరానికి తగ్గట్టు సర్దుకునే వీలు కమాండ్ లైన్‌లోనే ఉంది. పైసా ఖర్చు లేదు.

ఒక మాట. కమాండ్లు, సెట్టింగుల పేర్లు ఇక్కడ పలికినట్టే తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇవి ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట అక్కడే చెబుతాను.

జూలై మొదటి వారం: ముందు ఉన్నది రాసుకోవడం

కెర్నెల్ నడుస్తుండగానే మార్చుకోదగ్గ సెట్టింగులన్నీ /ప్రాక్/సిస్ అనే డైరెక్టరీలో ఫైళ్లుగా కనిపిస్తాయి. అవి డిస్క్ మీద ఉండే ఫైళ్లు కావు. చదవబోతే కెర్నెల్ అప్పటికప్పుడు తన దగ్గరున్న విలువ చెబుతుంది, రాస్తే ఆ విలువ తీసుకుంటుంది. సిస్‌సీటీఎల్ అనే కమాండ్ చేసేది ఆ ఫైళ్లని చదవడం, రాయడమే. వీఎం.స్వాపీనెస్ అంటే /ప్రాక్/సిస్/వీఎం/స్వాపీనెస్ ఫైలు. చుక్క ఉన్నచోట గీత పెట్టుకుంటే దారి తెలిసిపోతుంది.

డెబియన్‌లో మామూలు యూజర్‌గా సిస్‌సీటీఎల్ అని కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటుంది. అది లేక కాదు. /యూఎస్ఆర్/ఎస్‌బిన్ లో ఉంటుంది, ఆ చోటు మామూలు యూజర్ దారుల్లో ఉండదు. ముందు సుడో (రూట్, అంటే నిర్వాహకుడి, అధికారంతో నడిపించే కమాండ్) పెడితే సరిపోతుంది. పాతపట్నం నుంచి సాయంత్రాలు వచ్చి సాయం చేసే డిగ్రీ కుర్రాడు దీని దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు. అందుకే రాస్తున్నాను.

మొదట చేసిన పని సుడో సిస్‌సీటీఎల్ -ఏ అని కొట్టి, వచ్చిన వందల వరుసల్ని తేదీ పేరుతో ఒక ఫైల్లో దాచడం. ఏ పాత విలువ కావాలన్నా ఇందులో వెతుక్కోవచ్చు. దీన్ని దాచకుండా ఎవరూ చెయ్యి పెట్టొద్దని గట్టిగా చెప్పుకున్నాం.

మార్చడానికి సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ. దీంతో పెట్టిన విలువ కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యేదాకానే. కొత్తవాళ్లు దీన్ని లోపం అనుకుంటారు గానీ, నా దృష్టిలో ఇదే పెద్ద ధైర్యం. ఏదైనా తేడా కొడితే ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాత విలువలు వచ్చేస్తాయి. కాబట్టి పద్ధతి ఇలా పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్క సెట్టింగే, అదీ -డబ్ల్యూ తోనే. ముందు కొలత, తర్వాత కొలత రెండూ నోట్‌బుక్‌లో రాయాలి. కొన్నాళ్లు దానితో పనిచేసి బాగుందనుకుంటేనే శాశ్వత ఫైల్లోకి ఎక్కాలి.

ఇంకో చిక్కు. సుడో ఎకో 10, ఆపైన బాణం గుర్తు పెట్టి /ప్రాక్/సిస్ లోని ఫైలు పేరు ఇస్తే 'పర్మిషన్ డినైడ్' వస్తుంది. సుడో వర్తించేది ఎకోకే. ఫైల్లోకి రాసే పని మన షెల్‌ది, దానికి రూట్ అధికారం లేదు. సిస్‌సీటీఎల్ -డబ్ల్యూ వాడితే ఈ గొడవే రాదు.

జూలై రెండో వారం: పెన్‌డ్రైవ్

ఈ వారమంతా దీనికే పోయింది, పోయినా విలువైన వారమే.

కుర్రాడు ఒక నాటకం రాతప్రతి స్కాన్లని పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తున్నాడు. కాపీ గీత మొదట్లో రివ్వున పరుగెత్తింది, మధ్యలో ఆగింది, మళ్లీ కదిలి నూరు శాతం చేరింది.

"అన్నియ్యా, అయిపోనాదని సూపిత్తంది. తీసీనా?"

"ఉండు తమ్ముడూ, ముందు ఇది చూడు" అని పక్క టెర్మినల్‌లో వాచ్ కమాండ్ పెట్టి, /ప్రాక్/మెమ్‌ఇన్ఫో లోని 'డర్టీ', 'రైట్‌బ్యాక్' వరుసలు సెకను సెకనుకీ కనిపించేలా చేశాను. కాపీ అయిపోయిందన్న క్షణాన రెండూ కలిపి 450 ఎంబీ దగ్గర ఉన్నాయి. ఆ తర్వాత సెకనుకి ఏడేసి ఎంబీ చొప్పున తగ్గుతూ వచ్చాయి. నిమిషం దాటాక గానీ సున్నా దగ్గరికి రాలేదు. ఆ నిమిషంలో పెన్‌డ్రైవ్ లాగేస్తే చివరి పేజీలు ర్యామ్‌లోనే ఉండిపోతాయి. కుర్రాడు ఆ అంకెలు దిగడం చివరిదాకా కళ్లార్పకుండా చూశాడు. ఇక వాడికి వేరే వివరణ అక్కర్లేకపోయింది.

జరిగేది ఇది. ప్రోగ్రామ్ ఫైల్లోకి రాసినప్పుడు కెర్నెల్ ఆ డేటాని వెంటనే డిస్క్‌కి పంపదు. ముందు ర్యామ్‌లో పెట్టుకుని 'రాశాను' అని చెప్పేస్తుంది. అలా డిస్క్‌కి ఇంకా చేరని ర్యామ్ ముక్కలనే డర్టీ పేజీలు అంటారు (ఇక్కడ పేజీ అంటే కాగితం కాదు, ర్యామ్‌లో ఒక చిన్న ముక్క). వాటికి రెండు హద్దులు ఉంటాయి. వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_రేషియో మామూలుగా 10. ఆ శాతం దాటితే వెనకాల రాయడం మొదలవుతుంది. వీఎం.డర్టీ_రేషియో మామూలుగా 20. ఆ మేరకు పోగుపడితే రాస్తున్న ప్రోగ్రామ్‌నే ఆపి, ముందు డిస్క్‌కి పంపిస్తుంది. కాపీ గీత మధ్యలో ఆగింది అందుకే. ఈ శాతాలు మొత్తం ర్యామ్ మీద కాదు. ఖాళీగా ఉన్నదీ, అవసరమైతే ఖాళీ చేయగలిగినదీ కలిపి చూసుకుని దాని మీద లెక్క.

సెకనుకి వంద ఎంబీ రాసే డిస్క్‌కి 500 ఎంబీ బాకీ అంటే ఐదు సెకన్లు. సెకనుకి ఏడు రాసే పెన్‌డ్రైవ్‌కి అదే బాకీ నిమిషం పైన. శాతాల్లో చెప్పినంతకాలం ఈ తేడా కెర్నెల్‌కి పట్టదు. అందుకే శాతాలకి బదులు బైట్లలో చెప్పే సెట్టింగులు ఉన్నాయి: వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్, వీఎం.డర్టీ_బైట్స్. బైట్లలో విలువ ఇవ్వగానే దాని జత రేషియో సున్నా చూపిస్తుంది. పాడైందని కంగారు పడొద్దు. రెండిట్లో ఒకటే పనిచేస్తుంది, చివరగా ఇచ్చినదే లెక్క.

మొదట 16 ఎంబీ, 48 ఎంబీ పెట్టాం. పెన్‌డ్రైవ్ చక్కగా దారికొచ్చింది. కానీ స్కాన్‌టైలర్ బ్యాచ్ నెమ్మదించింది. కారణం హార్డ్‌డిస్క్. ఒకేసారి బోలెడు డేటా ఇస్తే వరుసగా రాసుకుపోతుంది. చిన్న చిన్న ముక్కలుగా ఇస్తే, మధ్యమధ్యలో చదవడాలు కూడా ఉంటే, దాని ముల్లు అటూ ఇటూ తిరగడానికే టైమంతా పోతుంది. రెండింటికీ మధ్యలో 32 ఎంబీ, 128 ఎంబీ దగ్గర ఆగాం. బైట్లలో రాస్తే 33554432, 134217728. ఇప్పుడు కాపీ అయిపోయిందన్నాక ఎంత ఎక్కువైనా ఇరవై సెకన్లలో నిజంగా అయిపోతోంది. బ్యాచ్ వేగం కూడా ముందులాగే ఉంది.

అయినా 'ఇజెక్ట్' నొక్కకుండా తీయొద్దని గోడ మీద కాగితం అంటించాం. కెర్నెల్ సెట్టింగు వల్ల ఆగే సమయం తగ్గుతుంది, ఆగక్కర్లేదని కాదు.

జూలై మూడో వారం: కరెంటు

వానలు పట్టుకున్నాయి. కరెంటు వస్తూ పోతూ ఉంది. యూపీఎస్ బ్యాటరీ పాతది. ఒక్కోసారి రెండు నిమిషాలు ఆపుతుంది, ఒక్కోసారి ఆపదు.

డర్టీ పేజీలు ఎన్ని ఉండొచ్చన్నది పైన చూశాం. ఎంతసేపు ఉండొచ్చన్నది వేరే సెట్టింగు. వీఎం.డర్టీ_ఎక్స్‌పైర్_సెంటీసెక్స్ మామూలుగా 3000. సెకనులో నూరో వంతుల్లో లెక్క కాబట్టి 30 సెకన్లు. అంత వయసు వచ్చిన పేజీని రాయాల్సిందేనని అర్థం. రాసే పనివాడు నిద్రలేచి చూసే వ్యవధి వీఎం.డర్టీ_రైట్‌బ్యాక్_సెంటీసెక్స్, మామూలుగా 500, అంటే 5 సెకన్లు. రెండూ కలిపితే ఒక చిన్న ఫైలు అర నిమిషం పైగా ర్యామ్‌లోనే ఉండిపోవచ్చు. మా హార్డ్‌డిస్క్ మీద ఉన్న ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ డిస్క్ మీద చోటు కేటాయించడం కూడా రాసే క్షణం దాకా వాయిదా వేస్తుంది. ఈలోగా కరెంటు పోతే ఫైలు పేరు ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. మా సున్నా సైజు పేజీలు అవే.

గడువుని 1000కి తగ్గించాం. అయిదు సెకన్ల వ్యవధి అలాగే ఉంచాం. ఇప్పుడు ఎంత ఆలస్యమైనా సుమారు 15 సెకన్లు.

కానీ నన్నడిగితే అసలు మందు ఇది కాదు. మన స్కానింగ్ స్క్రిప్ట్‌లో ప్రతి పేజీ తర్వాత సింక్ అనే కమాండ్, దాని పక్కన ఆ ఫైలు పేరు ఇవ్వడమే అసలు మందు. ఫైలు పేరిస్తే ఆ ఒక్క ఫైలు డిస్క్‌కి చేరిందని తేలాకే కమాండ్ తిరిగొస్తుంది. స్కానర్ దీపం వెనక్కి వచ్చేలోపే ఆ పని అయిపోతుంది కాబట్టి టైమేమీ పోదు. ఏ పేజీ విలువైనదో మనకి తెలుసు, కెర్నెల్‌కి తెలియదు. తెలిసినవాళ్లే చెప్పాలి. గడువు తగ్గించడం మిగతా ఫైళ్లకి ఒక రక్షణ, అంతే.

ఈ మార్పు తర్వాత స్కానింగ్ మధ్యలో కరెంటు పోయిన సందర్భాలు వచ్చాయి. స్కానర్ మీద ఉన్న పేజీ ఒక్కటే మళ్లీ తీయాల్సి వచ్చింది. మా లైబ్రరీ చూసుకునే అప్ప అయితే ఇప్పుడు కరెంటు పోతే కంప్యూటర్ వైపు చూడను కూడా చూడదు, నేరుగా కిటికీలు తీస్తుంది.

జూలై చివర, ఆగస్టు మొదట: బిగుసుకుపోవడం

వీఎంస్టాట్ 1 అని కొడితే సెకనుకొక వరుస వస్తుంది. అందులో మేం చూసింది నాలుగు గడులే: ఎస్‌ఐ, ఎస్ఓ, బీ, డబ్ల్యూఏ. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ మీది చోటుని స్వాప్ అంటారు. అక్కడి నుంచి లోపలికి తెచ్చుకునేది ఎస్‌ఐ, బయటికి తోసేది ఎస్ఓ. డిస్క్ కోసం ఆగిపోయిన ప్రోగ్రాములు బీ. ప్రాసెసర్ ఊరికే డిస్క్ కోసం ఎదురుచూసే శాతం డబ్ల్యూఏ. కంప్యూటర్ బిగుసుకున్నప్పుడు ఎస్‌ఐ, ఎస్ఓ రెండూ వేలల్లో ఉన్నాయి, డబ్ల్యూఏ ఎనభై దాటింది. అంటే ప్రాసెసర్ కష్టపడట్లేదు. డిస్క్ దగ్గర క్యూ కట్టి నిలబడింది.

కెర్నెల్ జోలికి వెళ్లేముందు మన పనినే చూసుకున్నాం. టెసరాక్ట్‌ని ఒకేసారి నాలుగు పేజీల మీద నడుపుతున్నాం. పైగా ఒక్కో టెసరాక్ట్ తనంతట తాను కొన్ని త్రెడ్లు (పక్కపక్కనే నడిచే పని పాయలు) తెరుస్తుంది. ఉన్నవి రెండు కోర్లు. ఓఎంపీ_త్రెడ్_లిమిట్ (ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో రాయాలి) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని, అంటే ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చూసుకునే విలువని, 1 చేసి, ఒకసారికి రెండు పేజీలే ఇచ్చాం. సగం బాధ అక్కడే తీరింది. మొత్తం పేజీలు అయ్యే టైము కూడా తగ్గింది. పని ఎక్కువ పెట్టి కెర్నెల్‌ని తప్పుపట్టడం న్యాయం కాదు.

మిగతా సగానికి వీఎం.స్వాపీనెస్. మామూలు విలువ 60. ఎవరిని అడిగినా '10 పెట్టేయండి' అంటారు. పెట్టి చూశాం. ఎస్ఓ తగ్గింది, నిజమే. కానీ బిగుసుకోవడం పోలేదు. ర్యామ్ నిండినప్పుడు కెర్నెల్ ఏదో ఒకటి ఖాళీ చేయక తప్పదు. ప్రోగ్రాముల సొంత డేటాని స్వాప్‌కి తోయనివ్వకపోతే, ఫైళ్ల నుంచి వచ్చిన పేజీలని వదిలేస్తుంది. ప్రోగ్రాముల కోడ్ కూడా ఫైళ్ల నుంచి వచ్చిందే. మరుక్షణం అదే కోడ్ కావాలంటే మళ్లీ డిస్క్‌కి పరుగు. వీఎంస్టాట్‌లో ఎస్ఓ తగ్గినంతా బీఐ అనే గడిలో, అంటే డిస్క్ నుంచి చదివే లెక్కలో, పెరిగి కనిపించింది.

కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో ఈ అంకె అర్థం స్పష్టంగా ఉంది. స్వాప్ నుంచి తెచ్చుకోవడం, ఫైల్ సిస్టమ్ నుంచి తెచ్చుకోవడం, ఈ రెండిటి ఖర్చుల పోలికే స్వాపీనెస్. రెండూ సమానమైతే 100. స్వాప్ రెట్టింపు వేగమైతే 133. 5.8 కెర్నెల్ నుంచి ఈ అంకె 200 దాకా వెళ్లొచ్చు. ఇది చదివాక 10 అన్న సలహా అందరికీ ఎందుకు పనికిరాదో తెలిసింది. అది మీ స్వాప్ ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది.

అందుకని స్వాప్ చోటే మార్చాం. జెడ్‌ర్యామ్ అంటే ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా చూపించి, అందులోకి వచ్చిన పేజీలని కుదించి దాచే ఏర్పాటు. మంచం కింద పరుపులు చుట్టి పెట్టుకున్నట్టు. గది అదే, చోటు మాత్రం మిగులుతుంది. డెబియన్‌లో జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, సెట్టింగుల ఫైల్లో కుదించే పద్ధతి జెడ్ఎస్‌టీడీ, సైజు ర్యామ్‌లో 50 శాతం అని ఇచ్చాం. డిస్క్ మీది పాత స్వాప్‌ని తీసేయలేదు. దాని ప్రాధాన్యం తక్కువ కాబట్టి జెడ్‌ర్యామ్ నిండితేనే దాని వంతు వస్తుంది.

ఇప్పుడు స్వాప్ హార్డ్‌డిస్క్ కంటే ఎన్నో రెట్లు వేగం. డాక్యుమెంటేషన్ లెక్క ప్రకారం పది రెట్లు అనుకున్నా 180 దాటుతుంది. వీఎం.స్వాపీనెస్ 180 పెట్టాం. దానితోపాటు వీఎం.పేజ్-క్లస్టర్ కూడా మార్చాలి. స్వాప్ నుంచి ఒక పేజీ అడిగితే పక్కవి ఎన్ని కలిపి తేవాలో ఇది చెబుతుంది. మామూలు విలువ 3, అంటే రెండుని మూడుసార్లు గుణిస్తే వచ్చే 8 పేజీలు. డిస్క్‌కి అది లాభం, ముల్లు ఎలాగూ అక్కడికి వెళ్లింది కాబట్టి. జెడ్‌ర్యామ్‌కి ముల్లు లేదు. అడగని ఏడు పేజీలని విప్పడం దండగ. సున్నా చేశాం.

జెడ్‌ర్యామ్‌సీటీఎల్ కొడితే ఎంత వచ్చింది, కుదించాక ఎంతయింది పక్కపక్కనే చూపిస్తుంది. బ్రౌజర్ తెరిచి వదిలేసిన పేజీలు మూడో వంతులోకి ఇమిడిపోతున్నాయి. రంగుల స్కాన్లు అంతగా కుదించుకోవు, పాత కాగితం మీద మరకలు, నూగు ఎక్కువ. అయినా మౌస్ ఆగిపోవడం తగ్గింది. మా పనిలో సాయపడే మేస్టారు కూర్చుని ఒక పక్క ఒడియాలో, ఒక పక్క తెలుగులో ఉన్న చిట్టాని చదివి సరిచూస్తుంటే, వెనకాల టెసరాక్ట్ ఆగకుండా నడిచింది. నెల కిందట ఇది జరిగే పని కాదు.

ఆగస్టు రెండో వారం: చివరి ఆయుధం

ఇంత చేసినా ఎప్పుడైనా ఒక పెద్ద మ్యాపు స్కాన్ తెరిస్తే ర్యామ్ పూర్తిగా నిండొచ్చు. అప్పుడు పవర్ బటన్ నొక్కి ఆపేసే అలవాటు మానిపించాలి. కీబోర్డ్‌లో ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఎఫ్ నొక్కితే, ఎక్కువ ర్యామ్ మింగుతున్న ప్రోగ్రామ్‌ని కెర్నెల్ తానే చంపేస్తుంది. నొక్కాం, ఏమీ జరగలేదు. కెర్నెల్ సందేశాలు చూపించే డీమెసేజ్‌లో చూస్తే 'ఈ పని నిలిపివేయబడింది' అని ఇంగ్లీషులో ఒక వరుస.

కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ విలువ డెబియన్‌లో 438. ఇది ఒకే అంకె కాదు, అనుమతుల మొత్తం. 2, 4, 16, 32, 128, 256 కలిపితే 438. ఇందులో 16 అంటే డిస్క్‌కి రాయించడం, 32 అంటే డిస్క్‌లని చదవడానికి మాత్రమే అన్న స్థితికి మార్చడం, 128 అంటే రీబూట్. ప్రోగ్రాములని చంపే అనుమతి 64. అదొక్కటే మనకి కావాలి, అదే ఇందులో లేదు. కలిపితే 502. చాలామంది 1 పెట్టి అన్నీ తెరిచేస్తారు. నాకది నచ్చదు. కావాల్సింది ఒకటైతే ఒకటే తెరవాలి.

ఇందులో ఒక ఆలోచన ఉంది. కీబోర్డ్ ముందు కూర్చున్న ఎవరైనా ఈ కీలు నొక్కొచ్చు. లాక్ చేసిన స్క్రీన్‌ని నడిపే ప్రోగ్రామ్ కూడా చనిపోయే ప్రమాదం ఉంది. మా కంప్యూటర్‌లో ఎవరి సొంత వివరాలూ లేవు, అందరికీ చూపించడానికే స్కాన్ చేస్తున్నాం, కాబట్టి పెట్టాం. ఆఫీసు కంప్యూటర్ అయితే పెట్టేవాణ్ని కాదు.

ఆగస్టు మూడో వారం: ముట్టుకోనివి

వీఎం.డ్రాప్_క్యాషెస్‌కి గంటగంటకీ 3 పంపిస్తే ర్యామ్ ఖాళీ అవుతుందని ఒక స్నేహితుడు సలహా ఇచ్చారు. ఖాళీ అవుతుంది, నిజమే. కెర్నెల్ దాచుకున్న ఫైళ్ల కాపీలన్నీ పోతాయి, మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. అది పరీక్షలకి ఉద్దేశించినది. రెండు కొలతలు ఒకే స్థితి నుంచి మొదలవ్వాలి కాబట్టి మేమూ వాటి ముందు మాత్రం వాడాం.

స్కాన్లని నెట్‌లోకి ఎక్కించడం ఫోన్ హాట్‌స్పాట్ మీదే. దాని కోసం టీసీపీ రద్దీ నియంత్రణని, అంటే నెట్‌లోకి డేటా ఎంత వేగంగా పంపాలో తేల్చే పద్ధతిని, క్యూబిక్ అనే దాని నుంచి బీబీఆర్ అనే దానికి మార్చి చూశాం. ఇది పంపేవైపు సెట్టింగు, డౌన్‌లోడ్‌లకి సంబంధం లేదు. సాయంత్రం ఒకలా, తెల్లవారుజామున ఒకలా వచ్చింది. అది బీబీఆర్ గొప్పా, టవర్ మీద రద్దీ తక్కువా అన్నది కొలతలో తేలలేదు. తేలనిది ఫైల్లోకి ఎక్కదు.

ఆగస్టు 29కి ముందు: ఫైలు

/ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ లో 90 అంకెతో మొదలయ్యే పేరుతో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టాం. అక్కడి ఫైళ్లని పేర్ల వరుసలో చదువుతుంది. ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే తర్వాత చదివినదే నిలుస్తుంది, అందుకే పెద్ద అంకె. లోపల ఉన్నవి ఏడే:

వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ = 33554432
వీఎం.డర్టీ_బైట్స్ = 134217728
వీఎం.డర్టీ_ఎక్స్‌పైర్_సెంటీసెక్స్ = 1000
వీఎం.స్వాపీనెస్ = 180
వీఎం.పేజ్-క్లస్టర్ = 0
కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ = 502
కెర్నెల్.పానిక్ = 10

చివరిది కెర్నెల్ పూర్తిగా కుప్పకూలితే పది సెకన్ల తర్వాత దానంతట అదే రీబూట్ అవ్వడానికి. మామూలు విలువ సున్నా, అంటే ఎవరైనా వచ్చేదాకా అలాగే ఉండిపోతుంది.

ప్రతి వరుస పైన హ్యాష్ గుర్తు పెట్టి, ఆ విలువ ఎందుకో, పాత విలువ ఎంతో తెలుగులో రాశాను. కుర్రాడు దాని కిందే ఒడియాలో రాశాడు. రేపు ఈ కంప్యూటర్ ఎవరి చేతికి వెళ్తుందో తెలియదు, ఈ ఊళ్లో రెండు భాషలూ కావాలి. ఒక చిక్కుంది. డెస్క్‌టాప్ లేకుండా కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే వచ్చే నల్ల కన్సోల్‌లో తెలుగు, ఒడియా అక్షరాలు కనిపించవు. కంప్యూటర్‌కి బాగులేనప్పుడు చూసేది ఆ కన్సోలే. అందుకని ఆ ఫైలు ప్రింటు తీసి సీపీయూ డబ్బా పక్కన అంటించాం.

సుడో సిస్‌సీటీఎల్ --సిస్టమ్ కొడితే ఏ ఫైలు నుంచి ఏ విలువ తీసుకుందో వరుసగా చెప్పింది. రీబూట్ చేసి ఒక్కోటీ మళ్లీ అడిగి చూశాం. ఏడూ నిలిచాయి. మొదటి విడత పెన్‌డ్రైవ్‌లు సిద్ధమయ్యాయి. ప్రతిదాన్నీ తీసి, మళ్లీ పెట్టి, చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చే అంకెలు) పోల్చాకే పేరు చీటీ అతికించాం.

సెప్టెంబర్ మొదట

మేస్టారు తన ల్యాప్‌టాప్ కూడా పనికి ఇస్తామన్నారు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, సొంత బ్యాటరీ. 'అదే ఫైలు కాపీ చేసేద్దుమా?' అని కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. పెన్‌డ్రైవ్‌లు అవే కాబట్టి డర్టీ బైట్ల రెండు వరుసలూ తీసుకోవచ్చు. బ్యాటరీ ఉంది కాబట్టి గడువు 3000 దగ్గరే ఉండొచ్చు. ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట స్వాపీనెస్ లెక్క వేరు, జెడ్‌ర్యామ్ అవసరమో కాదో వీఎంస్టాట్ చూస్తే గానీ చెప్పలేం. మేస్టారి సొంత ఉత్తరాలు అందులో ఉన్నాయి, సిస్‌ఆర్‌క్యూ 438 దాటకూడదు.

దానిలో ఉన్నది డెబియన్ 13. అందులో /ఈటీసీ/సిస్‌సీటీఎల్.కాన్ఫ్ అనే పాత ఫైలుని బూట్ సమయంలో చదవడం మానేశారు, సిస్‌సీటీఎల్.డీ లోని ఫైళ్లనే చదువుతుంది. పాత ఫైల్లో రాసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే 13కి మారేముందు తమ వరుసలని అక్కడికి తరలించుకోవాలి. మాది మొదటినుంచీ అక్కడే ఉంది కాబట్టి డెస్క్‌టాప్‌ని కూడా దసరా సెలవుల్లో 13కి మారుస్తాం. మార్చేముందు సిస్‌సీటీఎల్ -ఏ జాబితా ఒకటి, మార్చాక ఒకటి తీసి, రెండు ఫైళ్లని పోల్చే డిఫ్ కమాండ్ కొట్టి తేడాలు ఇదే నోట్‌బుక్‌లో రాస్తాను.